తుఫాను ఎక్కడ దాటుతుందని కాదు, మనం దానికి ఏ పక్కన ఉన్నామని అడగండి

తుఫాను వస్తోందని టీవీలో స్క్రోలింగ్ మొదలవగానే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడే మొదటి మెసేజ్ ఎప్పుడూ ఒకటే, "ఎక్కడ దాటుతుందంట?" బాపట్ల దగ్గర అని ఎవరో ఒకరు పెడతారు, వెంటనే అవనిగడ్డ వైపున్న మా పిన్ని "హమ్మయ్య, మన దగ్గర కాదులే" అంటుంది. ఆ హమ్మయ్య చూసినప్పుడల్లా నాకు గుండె గుభేలుమంటుంది. ఎందుకంటే 1977 నవంబరు 19న తుఫాను తీరం దాటింది చీరాల, నిజాంపట్నం వైపు, ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయింది మాత్రం దానికి తూర్పునున్న దివిసీమలో, అంటే మా పిన్ని వాళ్ళ వైపు. హంసలదీవి, సొర్లగొంది, పాలకాయతిప్ప, ఈ పేర్లు మా ఇంట్లో ఇప్పటికీ గొంతు తగ్గించే పలుకుతారు. పోయిన వాళ్ళు సుమారు 10,000 మంది అని ప్రభుత్వ లెక్క, అక్కడి వాళ్ళని అడిగితే అంతకంటే చాలా ఎక్కువ అంటారు.

దీని వెనకున్న సైన్స్ చాలా సింపుల్, కానీ టీవీల్లో ఎవరూ విడమర్చి చెప్పరు. మన వైపు, అంటే భూమధ్యరేఖకి ఉత్తరాన, తుఫాను గాలి ఎప్పుడూ గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. ఒక తిరగలిని అలా ఎదురు తిప్పుతూనే, ఎవరో దాన్ని మొత్తంగా సముద్రం మీంచి ఊరివైపు తోస్తున్నారు అనుకోండి. మీరు ఆ తిరగలి వెనకే నడుస్తుంటే మీ కుడిచేతి పక్క అంచు ముందుకి, అంటే ఊరిమీదకి కదులుతుంది, ఎడమ పక్క అంచు వెనక్కి, అంటే సముద్రంలోకి కదులుతుంది. పైగా తుఫాను తను కదిలే వేగం కుడిపక్క గాలికి కలిసొస్తుంది, ఎడమపక్క గాలిలోంచి తగ్గిపోతుంది. అందుకే కుడిపక్కనున్న ఊళ్ళ మీదకి సముద్రం ఎక్కి వస్తే, ఎడమపక్క కొన్నిచోట్ల అదే సమయంలో నీళ్ళు సముద్రంలోకి తగ్గిపోయి ఇసుక బయటపడుతుంది. 1977లో తుఫాను దక్షిణం నుంచి దాదాపు ఉత్తరం వైపుగా వచ్చింది కాబట్టి కుడిపక్క అంటే తూర్పు, తూర్పున ఉన్నది దివిసీమ.

ఈ కుడి ఎడమల సంగతి పోర్టుల్లో ఎగరేసే ప్రమాద సూచికల్లో ఎప్పటినుంచో ఉంది. మనం వాటిని జ్వరం డిగ్రీల్లాగ చదువుతాం, 8 కంటే 9 ఎక్కువ ప్రమాదం అనుకుంటాం, అది తప్పు. 8, 9, 10 మూడూ తీవ్రమైన తుఫానుకే. పోర్టు తుఫాను దారికి ఎడమపక్క ఉండేట్టయితే 8, కుడిపక్క ఉండేట్టయితే 9, నేరుగా పోర్టు మీదుగా గానీ బాగా దగ్గర్నుంచి గానీ పోతుందనుకుంటే 10. కాస్త తక్కువ తీవ్రతకి 5, 6, 7 కూడా అదే వరస. 11 అంటే తుఫాను ఇంకా పెద్దదని కాదు, హెచ్చరికలిచ్చే కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఇవి ఓడల కోసం పెట్టినవే అయినా మచిలీపట్నంలో 9 ఎగరేశారని పేపర్లో చదివితే ఆ చుట్టుపక్కల తీరం వాళ్ళకి అందులో ఎంత సమాచారం ఉందో చూడండి.

ఇక నీళ్ళ సంగతి. మన పెద్దవాళ్ళు తుఫాను వేరు, ఉప్పెన వేరు అని రెండు మాటలు వాడేవాళ్ళు, మనం రెంటినీ కలిపేసి తుఫాను అనేస్తున్నాం, దానివల్ల భయపడాల్సింది గాలికా నీళ్ళకా అన్నది మర్చిపోతున్నాం. ఉప్పెనకి మొదటి కారణం పీడనం, గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటర్ పొంగుతుంది. మన దగ్గర ఎంత పెద్ద తుఫానైనా ఆ లెక్కన మహా అయితే ఒక మీటరు పెరుగుతుందేమో. మిగతాదంతా గాలి తోసుకొచ్చే నీళ్ళు. లోతైన సముద్రంలో అలా తోసిన నీళ్ళు అడుగునుంచి వెనక్కి పోతాయి, తీరం దగ్గర లోతు తక్కువైతే పోవడానికి చోటుండదు, పైకి లేవాల్సిందే. నిజాంపట్నం అఖాతం దగ్గర తీరం లోపలికి వంపు తిరిగి ఉంటుంది, సముద్రం చాలా దూరం లోతు లేకుండా ఉంటుంది, కాబట్టి తోసుకొచ్చిన నీళ్ళన్నీ ఆ మూల పోగవుతాయి. 1977లో తాటిచెట్టంత అల వచ్చిందని మా అమ్మమ్మ చెప్పేది, లెక్కల్లో ఉన్నది సుమారు 5 మీటర్లు. అది సముద్ర మట్టం నుంచి లెక్క, నేల ఎత్తు ఒకటి రెండు మీటర్లు తీసేసినా పూరిల్లు కప్పుతో సహా మునిగిపోయే నీళ్ళు. అవి కూడా నిలబడి ఉండవు, పరిగెత్తుతుంటాయి. ఒక ఘనపు మీటరు గాలి బరువు కిలో పైచిలుకు, అదే ఉప్పునీళ్ళయితే వెయ్యి కిలోల పైన, ఎదురుగా నిలబడటం ఎవరి వల్లా కాదు. ఆ ఉప్పెనలో బతికిన చాలామంది చెట్లు పట్టుకునే బతికారు.

మచిలీపట్నంలో 1864 నవంబరులో కూడా ఇలాగే ఉప్పెన వచ్చి సుమారు 30,000 మంది పోయారు. అంటే ఇదే తీరం, ఇదే నెల, మధ్యలో 113 ఏళ్ళు. మూడు నాలుగు తరాల గ్యాప్ వస్తే మర్చిపోకుండా ఎవరుంటారు.

అదే విశాఖ చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా సిటీ మీదకే వచ్చింది, కానీ అక్కడ తీరం దగ్గరే సముద్రం లోతు, ఊరు చాలావరకు ఎత్తు మీద ఉంది, ఉప్పెన 1.4 మీటర్లే నమోదైంది. అక్కడ దెబ్బకొట్టింది గాలి. చెట్లు, కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు, ఎయిర్‌పోర్ట్ పైకప్పు, అన్నీ ఒకే రోజు పోయాయి, ఆ తర్వాత కరెంటు, నెట్, ఏటీఎం లేకుండా ఒక పెద్ద సిటీ రోజుల తరబడి ఉండాల్సొచ్చింది. తుఫాను నడిమధ్య ఉండే కన్ను ఊరి మీదుగా పోయేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, అయిపోయిందనుకుని జనం బయటికొస్తారు, కాసేపటికి ఎదురు దిశ నుంచి అంతే గాలి మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు బయట ఉండకూడదు.

కాబట్టి తుఫానుకి రెడీ అవడం అంటే అన్ని ఊళ్ళకీ ఒకటే లిస్టు కాదు. విశాఖలో గట్టి స్లాబ్ ఇంట్లో, కొండవాలు కాకుండా ఉన్నవాళ్ళకి ఇంట్లోనే ఉండటం మంచిది, వాళ్ళకి కావాల్సింది వారం రోజులు కరెంటు లేకుండా బతికే ఏర్పాటు. కరెంటు పోతే మోటరు తిరగదు, మోటరు తిరక్కపోతే నీళ్ళుండవు, ఇది చాలామంది ఆలోచించరు, అందుకే ముందురోజే ట్యాంకు నింపి, తాగడానికి మనిషికి రోజుకి నాలుగు లీటర్ల లెక్కన విడిగా పట్టిపెట్టుకోవాలి. ఫోన్‌పే పనిచెయ్యదు కాబట్టి చిల్లర నోట్లు ఉండాలి. బీపీ, షుగర్ మందులు రెండు వారాలవి ఉండాలి, ఇన్సులిన్ వాడేవాళ్ళుంటే ఫ్రిజ్ లేకుండా కొత్త కుండలో చుట్టూ తడిగుడ్డ పెట్టి చల్లగా ఉంచుకోవచ్చు. కిటికీలు ఒక పక్కవి తెరిచి ఉంచితే ఒత్తిడి సమానమై కప్పు ఎగరదని కొంతమంది చెప్తారు, దయచేసి వినకండి, లోపలికొచ్చిన గాలే కప్పుని కిందనుంచి లేపుతుంది.

దివిసీమ లాంటి చోట, తీరానికి దగ్గర్లో పల్లపు నేల మీద ఇల్లున్నవాళ్ళకి ఇవన్నీ తర్వాత సంగతి. వాళ్ళు చెయ్యాల్సింది బయల్దేరడం. గాలి పెరిగాక బయల్దేరితే చెట్లు పడి దారి మూసుకుపోతుంది, కాలవలు పొంగుతాయి, కాబట్టి వెళ్ళమన్న రోజు పగలే వెళ్ళిపోవాలి. పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు కాగితాలు పాలిథిన్ కవర్లో మడిచి ఒక సంచిలో అక్టోబరు మొదట్లోనే సర్దిపెడితే ఆఖరి నిమిషంలో బీరువా దగ్గర అరగంట పోదు. అటుకులు, బెల్లం, టార్చి, చిన్న రేడియో కూడా అందులోనే. గేదెల్ని ఎత్తైన చోటుకి తోలలేకపోతే పలుపు తాళ్ళు విప్పేసి వెళ్ళాలి, కట్టేసి ఉంటే ఈదే అవకాశం కూడా ఉండదు. తిరిగొచ్చాక చేతిపంపు నీళ్ళు చూడ్డానికి తేటగా ఉన్నా ఉప్పు, మురుగు కలిసి ఉంటాయి, క్లోరిన్ బిళ్ళ వేస్తే క్రిములు చస్తాయి గానీ ఉప్పు పోదు, ట్యాంకర్ నీళ్ళు వచ్చేదాకా పట్టిపెట్టుకున్నవే దిక్కు.

మన ఇల్లు ఎంత ఎత్తులో ఉందో ఎలా తెలుస్తుందని మా తమ్ముడు అడిగాడు, ఫోన్లో చూసి 9 మీటర్లు చూపిస్తోందన్నాడు. ఆ నంబరు నమ్మొద్దు. ఫోన్ జీపీఎస్ ఎత్తు విషయంలో పది మీటర్లు కూడా తప్పు చెప్పగలదు, ఉపగ్రహ మ్యాపులు చాలావరకు చెట్ల తలలు, ఇళ్ళ కప్పులు కూడా కలిపి కొలుస్తాయి కాబట్టి డెల్టాలో నేల ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. దానికంటే 1977లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసిన పెద్దవాళ్ళని అడగటం మేలు, వాళ్ళు ఇంకా ఉన్నారు, కానీ ఎక్కువకాలం ఉండరు. మా అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ మాట అడగలేదు నేను, ఆ బాధ నాకుంది.

1977లో మన దగ్గర ఇన్ని షెల్టర్లు లేవు, మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ లేదు, చేతిలో ఫోన్ లేదు. ఇప్పుడు ఉప్పెన ఎంత రావచ్చో కూడా ముందే లెక్కకట్టి చెప్తున్నారు, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేసే పనుల్లో అదొకటి. తీవ్ర తుఫాన్లలో కూడా చావులు వేలనుంచి పదులకి తగ్గాయంటే ఆ హెచ్చరికల వల్లే, జనాన్ని ముందే తరలించడం వల్లే. అయితే షెల్టర్ ఉందని తెలియడం వేరు, అక్కడికి చేరడం వేరు. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పిన్ని వాళ్ళింటి నుంచి షెల్టర్ దాకా వాచీ పెట్టుకుని నడిచాను, పగలు, పొడి రోడ్డు మీద, ఒక్కడినే, 22 నిమిషాలు పట్టింది. మా బాబాయికి మోకాళ్ళ నొప్పులు, పిన్ని తోడుండాలి, మధ్యలో ఒక కాలవ వంతెనకి రెయిలింగ్ లేదు. ఈసారి సెప్టెంబరులో వెళ్ళినప్పుడు వాళ్ళిద్దర్నీ తీసుకుని చీకటి పడ్డాక టార్చి లైటుతో ఆ దారంతా మళ్ళీ నడుస్తాం.