పైపులో సుద్ద: ఈ గొడవ ఎక్కడ మొదలైంది?

బోర్ల సీజన్ రాగానే పీవీసీ పైపుల గొడవ మళ్లీ రాజుకుంది. పైపు నాసిరకమని, సుద్ద తేల్చే తూకం మండలానికి ఒకటి పెట్టాలని రైతు అంటాడు. సరిగా పాతిపెట్టలేదని షాపతను అంటాడు. సుద్ద కలపడం కల్తీ కాదని, ప్రపంచమంతా కలుపుతారని తయారీదారు అంటాడు. ఆ చివరి మాట నిజమే, అందుకే గొడవ ఒక పట్టాన తెగదు. పీవీసీ ఎలా పుట్టింది, ఇనుప పైపుల్ని ఎలా పక్కకు నెట్టింది అన్నది అందరికీ తెలిసిందే. అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది.

ముందు రబ్బరు సంగతి. పాలీస్టైరీన్ అనే మరో ప్లాస్టిక్ గట్టిదే కానీ గాజులా పగిలేది. అమెరికాలోని డౌ కంపెనీ రబ్బరును స్టైరీన్ (ఆ ప్లాస్టిక్‌కు ముడి ద్రవం)లో కరిగించి, కలియబెడుతూనే ప్లాస్టిక్‌గా మార్చే పద్ధతికి 1954లో పేటెంట్ అందుకుంది. రబ్బరు సన్నటి రేణువులుగా ప్లాస్టిక్ అంతటా పరుచుకుంది. దెబ్బ తగిలినప్పుడు ఒకే పెద్ద పగులు సాగిపోకుండా రేణువుల దగ్గర వేలాది సన్నటి చీలికలు మొదలై, ఆ శక్తిని అవే మింగేస్తాయని 1965లో బక్‌నాల్, స్మిత్ అనే పరిశోధకులు వివరించారు. పీవీసీలో ఈ పని కాస్త వేరుగా జరుగుతుంది. రబ్బరు రేణువుల చుట్టూ ప్లాస్టిక్ సాగి దెబ్బను ఓర్చుకుంటుంది. అందుకే బోరులోకి దింపే కాలమ్ పైపుల్లోనూ, కిటికీ ఫ్రేముల్లోనూ సీపీఈ అనే రబ్బరు లాంటి పదార్థాన్ని, లేదా ఆక్రిలిక్ రకాన్ని కలుపుతారు.

సుద్ద దారి వేరు. అది ప్లాస్టిక్‌ను బిరుసుగా చేస్తుంది, ఖర్చు తగ్గిస్తుంది. ముతక పొడి ఉండకట్టి, ఆ ఉండ దగ్గరే పగులు మొదలయ్యేది. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నగా చేసి, స్టీరిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం పూత పూస్తే ఉండకట్టడం తగ్గింది. కొద్ది మోతాదులో అయితే దెబ్బకు తట్టుకునే గుణం కూడా పెరిగింది. అంటే సుద్ద నిజంగానే మేలు చేసే మోతాదు ఒకటుంది. 1973 చమురు సంక్షోభంలో రెసిన్ (పైపుకు వాడే ముడి ప్లాస్టిక్) ధరలు ఎగబాకాక, ఆ మోతాదు దాటాలన్న ఆశ ఎక్కువైంది.

నా దృష్టిలో అన్నిటికీ మూలం ఆ తర్వాత ఈ రెండు దారులూ కలవడమే. సుద్ద పెంచితే పైపు పెళుసవుతుంది, కొంచెం సీపీఈ వేస్తే ఆ పెళుసుతనం కప్పబడుతుంది. పై నుంచి బరువు పడేసి చూసే పరీక్ష గట్టెక్కుతుంది. కానీ లాగుడు బలాన్ని సుద్దా తగ్గిస్తుంది, సీపీఈ కూడా తగ్గిస్తుంది. మోటారు వేసిన ప్రతిసారీ పైపు గోడను లోపలి నుంచి చీల్చాలని చూసే నీటి ఒత్తిడికి కావాల్సింది ఆ బలమే. దెబ్బ పరీక్ష ఒక్కటే చూపించి పైపు మంచిదనడం రైతును మోసగించడమే.

పీవీసీ నీటి పైపులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 4985కు ఈ తేడా తెలుసు. 0 డిగ్రీల దగ్గర దెబ్బ పరీక్షతో ఆగకుండా, 60 డిగ్రీల వేడిలో 1000 గంటలు ఒత్తిడి ఓర్చుకోవాలంటుంది. సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.40 నుంచి 1.46 గ్రాముల మధ్య ఉండాలి, కాల్చి సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో తేల్చే బూడిద 11 శాతం మించకూడదు. లెక్క వేస్తే 100 కేజీల రెసిన్‌కు సుమారు 8 కేజీల సుద్ద దగ్గర ఈ హద్దులు తగులుతాయి. అదే 50 కేజీలు కలిపితే సాంద్రత 1.67 దాకా పోతుంది. ఐఎస్ఐ మార్కు లేని పైపు చాలాచోట్ల కేజీల లెక్కన అమ్ముడవుతుంది. సుద్ద ప్లాస్టిక్ కంటే దాదాపు రెట్టింపు బరువు కాబట్టి, రైతు పైపు ధర పెట్టి సుద్ద కొంటున్నాడన్నమాట.

తయారీదారుల వాదనలోనూ కొంత నిజముంది. 2020–21లో రెసిన్ ధర రెట్టింపు దాకా పోయింది. చిన్న యూనిట్లు టెన్షన్ పడ్డాయి, అగ్గువ పైపు అడిగే కొనుగోలుదారు కూడా ఉన్నాడు. అయితే ఆ పైపు మీద సుద్ద ఎంత ఉందో రాసి ఉండదు.

పొలంలో తేడా త్వరగానే బయటపడుతుంది. పైపు చివరను మంట మీద మెత్తబరిచి మరో పైపు మీదికి ఎక్కించేటప్పుడు, సుద్ద ఎక్కువైన పైపు మూతి సాగకుండా అంచున చిరుగుతుంది. వంచితే తెల్లటి చారలు పడతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య పథకం మొదలయ్యాక సబ్సిడీ సామగ్రికి ఐఎస్ఐ మార్కు తప్పనిసరైంది. ఆ పైపు పగిలి, మరమ్మతుకు పక్క ఊరి షాపులో కొనే రెండు ఇంచుల ముక్కకు మాత్రం ఆ రక్షణ లేదు. ఇప్పుడు నడుస్తున్న గొడవ ఎక్కువగా ఆ ముక్కల గురించే. వాటి సాంద్రత తేల్చడానికి ఓ చిన్న ముక్క, నీళ్లలో ముంచి తూచగల సున్నితమైన తూకం చాలు. ఆ తూకం మండలానికి ఒకటి పెట్టాలన్న రైతుల డిమాండ్ న్యాయమైనది.