ఘనాకు ఏడాదికి అర టీఎంసీ: భరత్‌పూర్ పక్షుల వెనక ఉన్న నీటి కథ

ఏటా ఆగస్టు వచ్చేసరికి రాజస్థాన్ పత్రికల్లో భరత్‌పూర్ గురించి ఒకే రకం వార్త మొదలవుతుంది. కేవలాదేవ్ జాతీయ పార్కుకు ఈ ఏడు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, ఎన్ని వస్తాయి, ఎప్పటికి వస్తాయి? బాతులు దిగాయని, పెలికాన్లు వచ్చాయని ఫొటోలు రావడానికి ఇంకా రెండు మూడు నెలలుంటుంది. చలికాలంలో పక్షులను చూడ్డానికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఆ ఫొటోల కోసం ఎదురుచూస్తారు గానీ, అసలు చదవాల్సింది ఆగస్టు నాటి నీటి వార్తే. అది చదివితే జనవరిలో ఏం కనిపిస్తుందో ముందే చాలావరకు చెప్పవచ్చు.

కారణం ఈ పార్కు పుట్టుకలోనే ఉంది. స్థానికులు ‘ఘనా’ అని పిలిచే ఈ చోటు మొత్తం 29 చదరపు కిలోమీటర్లు. అందులో నీళ్ళు నిలిచేది సుమారు 11 చదరపు కిలోమీటర్లలో. ఆ భాగమంతా గట్లతో మడులుగా విడగొట్టి ఉంటుంది. ఒక మడి నుంచి ఇంకో మడికి తూములు, వాటికి షట్టర్లు. బయటి కాలువ షట్టరు ఎత్తి ఎవరో ఒకరు నీళ్ళు వదిలితే తప్ప ఇది నిండదు. అడవి అనుకుని చూస్తే సగమే అర్థమవుతుంది. ఆయకట్టులో వరి బదులు కొంగలున్న చెరువనుకుంటే మిగతా సగమూ తెలుస్తుంది.

గంభీర్, బాణగంగ నదులు కలిసేచోట భరత్‌పూర్ పల్లపు నేల. వానాకాలంలో వరద పట్టణం మీదికి రాకుండా 18వ శతాబ్దంలో మహారాజా సూరజ్‌మల్ కాలంలో అజాన్ బంధ్ కట్టారు. ఆ కట్ట వెనక నిలిచిన నీటిని కాలువ ద్వారా పల్లంలోకి మళ్ళించడం, గట్లు, తూములు కట్టి మట్టం నిలబెట్టడం 19వ శతాబ్దం చివర్లో జరిగిన పని. అది పక్షుల మీద ప్రేమతో చేసింది కాదు, బాతుల వేట కోసం చేసింది. 1902లో వైస్రాయి కర్జన్ వచ్చి వేట ఆడాడు. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చింది. ఏ రోజు ఎవరు ఎన్ని కాల్చారో చెక్కిన రాతి పలకలు పార్కు నడిమధ్య శివాలయం దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. ఆ శివుడి పేరే పార్కు పేరు. వెళ్ళినవాళ్ళు ఆ అంకెలు ఆగి చదవాలి. ఇన్ని పక్షులు ఇక్కడికి రావడానికి ఆధారమైన నీటి ఏర్పాటు ఎవరి కోసం జరిగిందో అవే చెబుతాయి.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ మడుగును ఎండగట్టి సాగుభూమి చేయాలని, ఆ నీళ్ళు పొలాలకు ఇవ్వాలని గట్టి ఒత్తిడి వచ్చింది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నెహ్రూ దాకా వెళ్ళి దాన్ని ఆపించారు. పెద్ద వేటలు 1960ల దాకా సాగాయి. 1981లో చిలికాతో పాటు మన దేశం నుంచి, అంతర్జాతీయ ఒప్పందం కింద ముఖ్యమైన చిత్తడి నేలలను చేర్చే రామ్‌సర్ జాబితాలోకెక్కిన మొదటి రెండు చిత్తడి నేలల్లో ఇదొకటి. 1982 మార్చిలో జాతీయ పార్కయింది. 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది.

జాతీయ పార్కు కాగానే చట్టప్రకారం పశువుల మేత ఆగిపోవాలి. అప్పటిదాకా చుట్టుపక్కల ఊళ్ళ గేదెలు వేల సంఖ్యలో లోపలే మేసేవి. 1982 నవంబరులో మేతను నిషేధించి, గోడ చుట్టూ కాపలా పెట్టారు. ఊళ్ళవాళ్ళు తిరగబడ్డారు, పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. తరతరాల మేత హక్కును బదులేమీ చూపకుండా రాత్రికి రాత్రి తీసేయడం అన్యాయం. పైగా పక్షులకైనా అది మేలు చేయలేదు.

గేదెలు పోయిన రెండు మూడేళ్ళలోనే నీటి మీద పాస్పాలమ్ అనే గడ్డి చాపలా అల్లుకుంది. గడ్డి కప్పేసిన చోట వెలుతురు కిందికి దిగదు, నీటి అడుగు మొక్కలు చచ్చిపోతాయి. వాటిని తినే బాతులకు మేత ఉండదు, ఈదడానికి ఖాళీ నీరూ ఉండదు. ఆ గడ్డి ఎండి, కుళ్ళి అడుగున చేరి ఏటా మట్టం పైకి లేస్తుంది. అంటే పూడిక, అంటే మరుసటి ఏడు అంత లోతు తక్కువ. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1980 నుంచి పదేళ్ళు ఇక్కడ చేసిన అధ్యయనం ఈ సంగతిని నిర్ద్వంద్వంగా తేల్చింది. గేదెలు ఆ గడ్డిని అదుపులో ఉంచుతున్నాయని, వాటిని పూర్తిగా ఆపేయడం చిత్తడి నేలకు చెరుపు చేసిందని చెప్పింది. 1990లో రామ్‌సర్ ఒప్పందం కింద ప్రమాదంలో ఉన్న నేలల జాబితా అయిన మాంట్రూ రికార్డులో ఘనా పేరు చేరింది. నీటి కొరత, మేత విషయంలో కుదరని సమతూకం అందుకు చూపిన కారణాలు. ఆ తర్వాత ఊళ్ళవాళ్ళను లోపలికి రానిచ్చి గడ్డి కోసుకోనివ్వడం మొదలైంది. కొడవలితో కోసే గడ్డి గేదె నమిలే గడ్డికి సాటి రాదు. నీళ్ళలోకి దిగి పాస్పాలమ్‌ను వేళ్ళ దాకా తొక్కి, తిని, మడుగు చేసే పని గేదెదే.

సైబీరియన్ కొంగలది ఇంకో కథ. 1960ల మధ్యలో ఇక్కడ సుమారు రెండు వందలు శీతాకాలం గడిపేవి. 2001-02 చలికాలంలో కనిపించిన జంటే చివరిది. పశ్చిమ సైబీరియా నుంచి అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా వచ్చే దారిలో వేట వాటిని తినేసింది. తక్కువ లోతు నీళ్ళలో తుంగ దుంపలు తవ్వుకు తినే పక్షులు కాబట్టి ఇక్కడి నీటి అస్తవ్యస్తం కూడా కలిసొచ్చి ఉండవచ్చు. కానీ దోషం ప్రధానంగా దారిదే. ఇప్పుడు ‘సైబీరియన్ పక్షులు చూపిస్తాం’ అని ఎవరైనా అంటే అవి ఈ కొంగలు కావు.

అసలు చిక్కు నీటిది. బాణగంగ మీద జైపూర్ దగ్గర రామ్‌గఢ్ డ్యామ్ చాలాకాలం కిందటే వచ్చింది. ఆ నది భరత్‌పూర్ దాకా రావడం మానేసింది. మిగిలింది గంభీర్ ఒక్కటే. దాని ఎగువన కరౌలీ జిల్లాలో పంచనా డ్యామ్ కట్టారు. 2000ల మొదట్లో గేట్ల పని పూర్తయి నిల్వ పెరిగాక అందులో పట్టే నీరు సుమారు 2,100 మిలియన్ ఘనపుటడుగులు, అంటే రెండు టీఎంసీల పైమాట. పార్కుకు ఏడాదికి కావలసింది 550 మిలియన్ ఘనపుటడుగులు, అర టీఎంసీకి కాస్త ఎక్కువ. కృష్ణా, గోదావరి లెక్కలు వినే మన చెవికి ఇది చిల్లరే. కానీ డ్యామ్ చుట్టుపక్కల ఊళ్ళ రైతులు ముందు మా పొలాలు తడవాలన్నారు, ఆందోళనలకు దిగారు. మునిగిన భూములు వాళ్ళవి, కరువు ప్రాంతం వాళ్ళది. వాళ్ళ మాటను కొట్టిపారేయడానికి లేదు. ఫలితంగా గంభీర్ నీళ్ళు ఘనాకు అందడం హక్కుగా కాక దయగా మారింది. వానలు విరగబడి డ్యామ్ నిండితే గేట్లెత్తుతారు, అప్పుడు నదీ పారుతుంది, అజాన్ బంధ్ కూడా నిండుతుంది. లేకపోతే లేదు. 2004 తర్వాతి కొన్నేళ్ళలో పార్కు దాదాపు ఎండిపోయి, గూళ్ళు కట్టే పక్షులు ముఖం చాటేశాయి. ప్రపంచ వారసత్వ హోదా సంగతేమిటని యునెస్కో అడగడం అప్పుడే మొదలైంది.

ప్రత్యామ్నాయంగా రెండు దారులు వేశారు. ఒకటి, యమున వైపు పోయే వరద మురుగుకాలువ గోవర్ధన్ డ్రెయిన్ నుంచి సుమారు 17 కిలోమీటర్ల పైపులైను. రెండోది, ధోల్‌పూర్-భరత్‌పూర్ తాగునీటి పథకం ద్వారా చంబల్ నీళ్ళు. ఇందులో పార్కు వాటాగా చెప్పే 62.5 మిలియన్ ఘనపుటడుగులు అవసరంలో తొమ్మిదో వంతు. ఈ రెండూ లేకపోతే కొన్ని ఏడాదులు పార్కు పూర్తిగా మూతపడేది. అయినా వీటిని గంభీర్ వరదకు సమానంగా లెక్కపెట్టడం పొరపాటు.

ఎందుకంటే పక్షులు తినేది నీళ్ళను కాదు, నీళ్ళతో వచ్చేదాన్ని. గంభీర్ వరద అజాన్ బంధ్ మీదుగా వచ్చినప్పుడు ఏటా సుమారు ఆరున్నర కోట్ల చేపపిల్లలు పార్కులోకి చేరేవని ఒక అంచనా. వాటితో పాటు నత్తలు, పురుగులు, నీటి మొక్కల విత్తనాలు. పెయింటెడ్ స్టార్క్‌ను కాసేపు గమనిస్తే ఇది కళ్ళకు కడుతుంది. మన తేలినీలాపురం, వీరాపురం చెట్ల మీద గూళ్ళు కట్టే పక్షే ఇది. మోకాలి లోపు నీళ్ళలో ముక్కు సగం తెరిచి ముంచి, తల అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. ఒక కాలితో అడుగు బురదను కదుపుతుంది. చేప ముక్కుకు తగలగానే టక్కున మూస్తుంది. కంటితో వెతకదు, తగిలితేనే పడుతుంది. అందుకే చేపలు ఒత్తుగా, నీళ్ళు పలచగా ఉంటే తప్ప దానికి కడుపు నిండదు. పంపుతో తోడిన నీళ్ళతో మడి నిండినా చేపలు పలచగా ఉంటే గూటిలో పిల్లలు ఆకలితో పోతాయి.

చేపలున్నంత మాత్రాన సరిపోదు. మన దగ్గర దొంగచాటు చెరువుల్లో పట్టుబడే నిషేధిత ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఇక్కడా చేరి మిగతా చేపలను, పక్షిపిల్లలను కూడా మింగుతోంది. నీళ్ళు తగ్గిన నెలల్లో వాటిని వలలతో ఏరించడం ఏటా ఉండే పని. ఎండిన మడుల్లోకి పాకే సర్కారు తుమ్మది మరో బెడద. దాన్ని వేళ్ళతో పీకి కలప తీసుకెళ్ళేలా ఊళ్ళవాళ్ళతో చేసుకున్న ఏర్పాటు, గేదెల గొడవ తర్వాత పార్కుకూ ఊళ్ళకూ మధ్య జరిగిన మంచి పనుల్లో ఒకటి.

కాబట్టి వార్తను చదివేటప్పుడు ‘నీళ్ళు వచ్చాయి’ అన్న ఒక్క మాటతో ఆగకూడదు. మొదట చూడాల్సింది తేదీ. నత్తగుల్ల కొంగలు జులైలోనే నల్లతుమ్మల మీద గూళ్ళు మొదలుపెడతాయి, పెయింటెడ్ స్టార్క్‌లు ఆగస్టు, సెప్టెంబరుల్లో. గుడ్లు పొదగడానికి నెల, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు నెలలు. ఆగస్టు చివరికల్లా చెట్ల మొదళ్ళు నీళ్ళలో మునిగి ఉంటే గూళ్ళు నిలుస్తాయి, నక్కలు, అడవి పిల్లులు చెట్ల దగ్గరికి రాలేవు. నీళ్ళు అక్టోబరులో వస్తే ఆ ఏటి గూళ్ళు పోయినట్టే. బాతులకు మాత్రం అదీ పనికొస్తుంది. రెండోది ఏ దారిన వచ్చాయన్నది. పంచనా గేట్లెత్తారా, గోవర్ధన్ డ్రెయిన్ పంపులా, చంబల్ పైపా? మొదటిదైతే సంబరపడొచ్చు. మూడోది మడుల మధ్య తేడా. నీటిలోకి మునిగే పోచార్డ్ బాతులకు మీటరు లోతు కావాలి, తలకిందులుగా ఒంగి మేసే సూదితోక బాతులకు అడుగులోతు చాలు. అన్ని మడులూ ఒకే మట్టంలో నిండితే కొన్ని పక్షులకే చోటు. షట్టర్లు సరిగ్గా నడిపిన ఏడాది ఫిబ్రవరిలో ఒక్కో మడి నీరు తగ్గిస్తూ పోతారు. అలా తగ్గే మడి అంచునే పక్షులు గుంపులు కడతాయి.

గూళ్ళు, పిల్లలు చూడాలంటే సెప్టెంబరు చివర నుంచి నవంబరు. వలస బాతులు, బార్‌హెడెడ్ గూస్‌లు నిండుగా ఉండేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. జనవరి ఉదయాల్లో పొగమంచు దట్టంగా ఉంటే తొమ్మిది, పది దాకా పది గజాల అవతల ఏమీ కనిపించదు. ఆ రోజుల్లో తెల్లవారుజామునే లేచి వెళ్ళడం కంటే మధ్యాహ్నం మీద ఎక్కువ సమయం పెట్టుకోవడం మేలు. ఎండ పడగానే కొండచిలువలు బొరియల బయట పడుకుంటాయి, ముళ్ళపందుల బొరియలున్న ఎత్తు నేల వాటి చోటు. దగ్గరికి పోయి కదిలిస్తే చలికి మొద్దుబారిన పాము మళ్ళీ బొరియలోకి దూరుతుంది, ఆ రోజుకు దానికి వేడి దక్కదు.

సొంత కార్లు గేటు దాటి కొద్ది దూరమే. ఆ తర్వాత నడక, అద్దె సైకిలు, లేదా రిక్షా. రిక్షా నడిపేవాళ్ళలో చాలామంది పక్షులను గుర్తుపట్టడంలో శిక్షణ పొందినవాళ్ళు. హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్ళేవాళ్ళకు ఢిల్లీ రైల్లో ఆగ్రా దాకా వెళ్ళి, అక్కడి నుంచి రోడ్డు మీద గంటన్నర ప్రయాణం తేలిక. టిక్కెట్లు కొనే ముందు హోటలుకు ఫోన్ చేస్తే ‘పక్షులున్నాయా’ అని అడగకండి, ఉన్నాయనే అంటారు. గుడి దారికి రెండు పక్కలా మడుల్లో నీళ్ళున్నాయా, ఒక్క పక్కనే ఉన్నాయా, ఆ నీళ్ళు ఏ నెలలో వదిలారు అని అడగండి. ఒక్క పక్కే అంటే ఒక్క రోజు చాలు. రెండు పక్కలా నిండి, ఆగస్టులోనే వదిలారంటే కనీసం మూడు రోజులు పెట్టుకోండి.