ఇంజిన్ లోపల అరిగి బండి బోరుకొచ్చిందా? విప్పే ముందు కొన్ని అపోహలు - వాస్తవాలు

మాది మదనపల్లె. బెంగళూరులో ఇంజిన్ పని చేస్తాను. ఆదివారం వస్తే మన తెలుగు కుర్రాళ్లు షెడ్డుకొచ్చి అడిగేది ఒకటే: "అన్నా, పాత పోర్షే బాక్‌స్టర్ స్పోర్ట్స్ కారు కొన్నా. ఇంజిన్ నేనే విప్పి కట్టుకోనా?" వద్దని ఎవరికీ చెప్పను. ముందు వాళ్ల నమ్మకాలు కొన్ని విప్పుతాను.

అపోహ: కంప్రెషన్ (సిలిండరులో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) తక్కువుంది, ఇంజిన్ దించాల్సిందే.

వాస్తవం: బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి పలచన. చెన్నైలో 180 పీఎస్‌ఐ ఒత్తిడి చూపించే ఇంజిన్ ఇక్కడ 160 పైచిలుకే చూపిస్తుంది. మాన్యువల్లో అంకె చూసి టెన్షన్ పడి, బాగున్న ఇంజిన్‌ని దించినవాళ్లున్నారు. చూడాల్సింది సిలిండరుకీ సిలిండరుకీ తేడా. ఒక్కటే బాగా పడిపోతే, ఆ పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి ఆపి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపి చెవి పెట్టండి. సైలెన్సర్లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ పోసే చోట వినిపిస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు. కూలెంట్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్ (సిలిండర్ల మీది మూతకీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు). వాల్వు, గాస్కెట్ అయితే హెడ్ పనితో సరిపోవచ్చు, కింది భాగం జోలికి పోనక్కర్లేదు.

అపోహ: బాక్‌స్టర్ ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ని మోసేది) మార్చాలంటే ఇంజిన్ మొత్తం విప్పాలి.

వాస్తవం: పాత మోడళ్లలో గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ దించితే బేరింగ్ అందుతుంది. 2006-08 ఇంజిన్లలో మాత్రం బేరింగ్ పెద్దది, కేసు రెండుగా విడదీస్తే తప్ప బయటికి రాదు.

అపోహ: వీడియోలు చూశాను, టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బిగిసిందో చూపే స్పానర్) కొన్నాను, ఇక కట్టేయడమే.

వాస్తవం: బిగించడం ఎవరికైనా వస్తుంది. కొలవడమే పని. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ మధ్య ఆయిల్ నిలిచే సందు చాలా ఇంజిన్లలో మిల్లీమీటరులో వందో వంతులు మూడు నుంచి ఆరు. తల వెంట్రుక కూడా పట్టదు. పని నేర్చుకునే రోజుల్లో "అదే సైజు కదా" అని కొలవకుండా బేరింగులు వేశాను. 300 కిలోమీటర్లకే కింద నుంచి టకటకమని శబ్దం. ఓనరుకి మొహం చూపించలేక క్రాంక్ గ్రైండింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నా. బిగించినప్పుడు ఒక్కసారే సాగేలా చేసిన బోల్టులూ ఉంటాయి, పాతవి మళ్లీ వాడకూడదు.

అపోహ: లేత్‌లో బోరు వేయిస్తే కొత్తదైపోతుంది.

వాస్తవం: పోత ఇనుము బ్లాకుకి సరే. ఈ పోర్షేల్లో సిలిండరు గోడ సిలికాన్ కలిసిన అల్యూమినియం. పిస్టన్ జారేది పైకి తేలిన సిలికాన్ రేణువుల మీద. గోడని రుద్దే మామూలు హోనింగ్ రాయి పెడితే ఆ రేణువులు విరిగి ఊడిపోతాయి. స్లీవ్ (సిలిండరు లోపల తొడిగే గొట్టం) వేయాలి, లేదా పూత పూయించాలి. ఇలాంటి పని చేశారా అని అడగకుండా బ్లాకు ఎవరి చేతిలోనూ పెట్టకండి. (బ్లాకే మార్చేస్తే ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబర్ ఎక్కించాలి, అది మర్చిపోతారు.)

అపోహ: నేనే చేసుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

వాస్తవం: మిగిలేది కూలి. పార్టులు, మెషినింగ్ ఎవరు కట్టినా అంతే.

అపోహ: కట్టాక వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా తోలాలి.

వాస్తవం: సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో నిలబెట్టి ఐడిల్ చేస్తే రింగులు సిలిండరు గోడకి సరిగ్గా ఒరుసుకుని కూర్చోవు. తెల్లవారుజామున దేవనహళ్లి రోడ్డెక్కి, వేడెక్కాక, వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపండి. కొన్ని వందల కిలోమీటర్లకే ఆయిల్ మార్చి, పాత ఫిల్టరు కోసి చూడండి. లోపల బేరింగు అరిగిన రాగి రంగు రజను మెరిస్తే బండి స్టార్ట్ చేయకండి.