కారు వైర్లను ఎలుకలు ఎందుకు కొరుకుతాయి, ఏం చేస్తే ఆగుతాయి

సెల్లార్‌లో కారు నాలుగు రోజులు కదలకుండా ఉంటే చాలు, ఐదో రోజు స్టార్ట్ చేయగానే డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతుంది, ఏసీ వేస్తే కుళ్లు వాసన కొడుతుంది, మెకానిక్ బానెట్ ఎత్తి చూపిస్తే బ్యాటరీ పక్కన ఉల్లిపొట్టు, కోడి ఎముక, చింపిన పీచు, ఆ కింద రాగి తీగ బయటపడిన వైర్లు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో ఈ బాధ తెలియని వాళ్లు తక్కువ. ఆ తర్వాత అందరూ చేసేది కూడా ఒకటే, బానెట్‌లో ఏదో ఒకటి పెట్టడం. కలరా ఉండలు, పొగాకు కాడలు, ఫినాయిల్, స్ప్రేలు. నాకు తెలిసినంతలో డబ్బు, టైమ్ వృథా అయ్యేది అక్కడే. ఎలుక బానెట్‌లో కనబడుతుంది గానీ అది బతికేది సెల్లార్ మీద. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా పని తేలికవుతుంది.

ముందు ఆ పళ్ల సంగతి చూద్దాం. ఎలుకకి ముందు పళ్లు పైన రెండు, కింద రెండు. అవి చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, అరగకుండా వదిలేస్తే ఏడాదికి 10 సెంటీమీటర్ల పైనే. పంటికి ముందు వైపు మాత్రమే గట్టి ఎనామిల్ ఉంటుంది, వెనక అంతా మెత్తటి డెంటీన్. మెత్తటి భాగం ముందు అరిగిపోతుంది కాబట్టి పంటి అంచు ఎప్పుడూ ఉలిలా పదునుగా ఉంటుంది. ఎనామిల్‌లో ఇనుము కూడా ఉంటుంది, ఎలుక పళ్లు పసుపు-నారింజ రంగులో కనబడేది అందుకే. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద ఆ ఎనామిల్ 5 దగ్గర, రాగి 3 దగ్గర ఉంటాయి, అల్యూమినియం ఇంకొంచెం తక్కువ. ఇక ప్లాస్టిక్ తొడుగు దానికో లెక్క కాదు. పైగా ఎలుక తన పెదవులను ముందు పళ్ల వెనక మూసుకోగలదు, కొరికిన ముక్కలు నోట్లోకి పోకుండా బయటే రాలిపోతాయి. బానెట్ కింద వైరు తొక్క పొట్టులా రాలి కనబడితే కారణం అదే, అది తిండి కోసం కొరకలేదు.

మరి ఎందుకు కొరుకుతుంది? పళ్లు అరగదీసుకోవడానికి అని అందరూ అంటారు, అది సగమే నిజం. కింది పళ్లను పై పళ్లకి రుద్దుకుని ఎలుక వాటిని సొంతంగానే అరగదీసుకోగలదు. కొరకడం దానికి చాలా పనులకి పనికొస్తుంది. కొత్త వస్తువు ఏంటో పరీక్షించడానికి, ఇరుకు దారి వెడల్పు చేసుకోవడానికి, గూటికి పీచు తెచ్చుకోవడానికి. బానెట్ లోపల వేడి, శబ్దం ఆపడానికి పెట్టే ఆ మెత్తటి షీటు ఉందే, పిల్లల్ని పెట్టబోయే ఆడ ఎలుకకి అంతకంటే మంచి సామాను దొరకదు.

ఇక్కడ సోయా మాట కూడా చెప్పుకోవాలి. ఈ మధ్య కార్ల వైర్లకి సోయాతో చేసిన తొడుగు వాడుతున్నారని, ఆ వాసనకే ఎలుకలు వస్తున్నాయని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. అమెరికాలో దీని మీద కోర్టు కేసులే నడిచాయి, 2016లో కాలిఫోర్నియాలో టయోటా మీద వేసిన దావా అందులో ఒకటి. కంపెనీలు ఆ వాదన ఒప్పుకోలేదు. నాకైతే సోయా మీద పెద్ద అనుమానం లేదు, ఎందుకంటే సోయా రాకముందు మామూలు పీవీసీ వైర్లనీ ఇవి ఇలాగే కొరికాయి, పాత ఇళ్లలో సీసం గొట్టాలకి కూడా చిల్లులు పెట్టాయి.

కారునే ఎంచుకోవడానికి కారణాలు మనవైపు నుంచి చూస్తే అర్థం కావు, ఎలుక వైపు నుంచి చూడాలి. తిరిగొచ్చిన ఇంజిన్ గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. పైన మూత, చుట్టూ చీకటి, కింద మాత్రం తెరిచే ఉంటుంది. మన ఇళ్లలో తిరిగే నల్ల ఎలుక ఎక్కడంలో దిట్ట, టైరు మీద నుంచి లోపలికి చేరడం దానికి క్షణం పని. ఒకటిన్నర సెంటీమీటర్ల సందు ఉంటే ఎలుక దూరుతుంది, చిట్టెలుకకి పెన్సిల్ పట్టేంత సందు చాలు. ఖాళీ స్థలంలో పరిగెత్తడం వీటికి ఇష్టం ఉండదు, మీసాలు గోడకి తగులుతూ ఉండాలి, కాబట్టి గోడ వారగా పెట్టిన కారు దాని రోజువారీ దారిలోనే ఉన్నట్టు. ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్లే జాలీ ఉంటుంది, అటు నుంచి చాలా కార్లలో క్యాబిన్ ఫిల్టర్ దాకా వెళ్లి అక్కడ గూడు పెడతాయి. ఏసీ వాసన అక్కడిదే. కారు ఆపేముందు ఏసీని లోపలి గాలే తిరిగే మోడ్‌లో పెట్టి ఆపితే బయటి గాలి వచ్చే రెక్క మూసుకుంటుంది, పైసా ఖర్చు లేని అలవాటు, ఈ రోజే మొదలుపెట్టండి. చెట్టు కింద పెట్టే కారు అయితే ఉడుతని కూడా అనుమానించాలి, అదీ పళ్ల విషయంలో ఎలుక జాతే, కాకపోతే పగలు పని చేస్తుంది.

ఇక మందులు. కలరా ఉండలు ఇంజిన్ వేడికి తొందరగా ఆవిరైపోతాయి, ఆ ఆవిరి ఏసీ గుండా మనమే పీలుస్తాం. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఎక్కువగా లోపలికి వెళితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకి మరీ ప్రమాదం. పసిపిల్లల్ని ఎక్కించుకునే కారులో దయచేసి వాడొద్దు. పొగాకు కాడలు, ఘాటు స్ప్రేలు మొదటి రాత్రుల్లో పని చేసినట్టే ఉంటాయి, ఎందుకంటే కొత్తది ఏది కనబడినా నల్ల ఎలుక కొన్నాళ్లు దూరంగా ఉంటుంది. వాసన వల్ల తనకి ఏమీ కాలేదని తెలిశాక దాని పక్కనే పడుకుంటుంది. ధ్వనితో ఎలుకల్ని తరిమేస్తాయని అమ్మే, గోడకి పెట్టే అల్ట్రాసోనిక్ పరికరాలదీ ఇదే కథ. మనకి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినబడదు, ఎలుక 80 దాకా వింటుంది, అంతవరకు నిజమే. కానీ అంత సన్నటి ధ్వని అడ్డం వచ్చిన ఏ వస్తువునీ సరిగా దాటదు, దూరం పోయేకొద్దీ బలహీనపడుతుంది, వినబడినా ఎలుక అలవాటు పడిపోతుంది. 2001లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి పరికరాలు తయారుచేసే, అమ్మే 60కి పైగా సంస్థలకి, మీ ప్రచారానికి శాస్త్రీయ ఆధారం ఉండాలని హెచ్చరిక లేఖలు పంపింది.

కొంచెం నమ్మకం పెట్టుకోదగ్గది మిరప. మిరపలో ఉండే క్యాప్సైసిన్ మన నరాల మీద ఉన్న టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది, నిజమైన వేడి తగిలినా స్పందించేది అదే, అందుకే కారం మంటలా అనిపిస్తుంది. దాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. మనలాగే ఎలుకకీ ఆ గ్రాహకం మండుతుంది. పక్షులకి ఉన్న రకం మాత్రం కారానికి స్పందించదు, పండు మిరపకాయలు చిలకలు హాయిగా తినగలిగేది అందుకే. క్యాప్సైసిన్ కలిపిన టేపును హోండా లాంటి కంపెనీలే అమ్ముతున్నాయి, దాన్ని వైర్లకి చుడితే పన్ను పెట్టగానే ఎలుకకి నోరు మండుతుంది. కానీ చుట్టిన చోటే పని చేస్తుంది, పక్క వైరుకి రక్షణ లేదు. ఇంట్లో కారప్పొడి నీళ్లలో కలిపి బానెట్‌లో చల్లే ఆలోచన మానుకోండి, ఆరిన పొడి ఏసీ గాలిలో లేచి మీ కళ్లలోనే పడుతుంది.

పిల్లిని పెంచుదామా అంటే, 2018లో వచ్చిన ఒక అధ్యయనం న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో చెత్త రీసైక్లింగ్ చేసే చోట 79 రోజుల పాటు కెమెరాలతో గమనించింది. పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు రెండే రెండు. పిల్లులు ఉన్నప్పుడు ఎలుకలు బయట తక్కువ తిరిగాయి, అంతే, దాక్కున్నాయి. చిట్టెలుకల మీద పిల్లి బాగానే పని చేస్తుంది, బలిసిన ఎలుక జోలికి చాలా పిల్లులు పోవు.

కాబట్టి సెల్లార్. ఆడ ఎలుక మూడు వారాల్లో పిల్లల్ని పెడుతుంది, ఒక ఈతకి ఆరేడు, ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్లీ పిల్లల్ని పెట్టే వయసుకి వస్తాయి. ఒక చోట ఎన్ని ఎలుకలు ఉండాలో తేల్చేది మీరు చంపిన లెక్క కాదు, అక్కడ దొరికే తిండి, నీళ్లు, దాక్కునే చోటు. మూత లేని చెత్త డబ్బాలు, రాత్రి గుమ్మం ముందు వదిలిన సంచులు, వీధి కుక్కలకి పెట్టి తీయని అన్నం, పొంగుతున్న సంపు, లిఫ్ట్ పక్కన ఎవరివో తెలియని పాత పరుపులు, అట్టపెట్టెలు, కారు సీటు కింద పడిన బిస్కెట్ ముక్కలు. ఇవి తీయకుండా ఎన్ని ఎలుకల్ని చంపినా ఖాళీ అయిన చోటుకి పక్కింటివి వస్తాయి. పైపులు గోడలోంచి వచ్చే చోట సందుల్లో స్టీలు పీచు కుక్కి సిమెంటు పూయాలి, డ్రైనేజీకి 6 మిల్లీమీటర్లకి మించని కన్నాల జాలీ వేయాలి. ఇది ఒక్క ఫ్లాట్ వాళ్లు చేసే పని కాదు, అసోసియేషన్ మీటింగులో మొహమాటం లేకుండా అడగాల్సిన పని. మన డెల్టా పొలాల్లో ఎలుకలు పట్టే యానాదులు ఎలుక వెంట పరిగెత్తరు, ముందు కన్నాలు వెతికి, బయటికి పోయే దారులు మూసి, అప్పుడు కుండలో గడ్డి పెట్టి పొగ ఊదుతారు. ఆ క్రమంలో ఉన్న తెలివి మనకీ కావాలి.

విషం గురించి నేను గట్టిగానే చెబుతాను. పసుపు భాస్వరం ఉండే ఎలుకల పేస్టు ఇంట్లోకి తేవద్దు, మనిషి లోపలికి పోతే కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దానికి విరుగుడు లేదు. రక్తం గడ్డకట్టకుండా చేసే బ్రోమడియోలోన్ బిళ్లలు తిన్న ఎలుక కొన్ని రోజుల తర్వాత ఎక్కడో చస్తుంది, ఆ చోటు మీ కారు డాష్‌బోర్డు వెనక కూడా కావచ్చు, దాన్ని తిన్న గుడ్లగూబకీ పిల్లికీ ఆ విషం పాకుతుంది. జిగురు అట్టలు వద్దు, దాని మీద ఎలుక గంటల తరబడి నరకం పడుతుంది.

గూడు దొరికితే పొడిగా ఊడ్చొద్దు. ఎలుక మూత్రంలో జబ్బు తెచ్చే లెప్టోస్పైరా బ్యాక్టీరియా ఉండొచ్చు, ఒంట్లోకి పోవడానికి దానికి చేతి మీద చిన్న గాయం చాలు. గ్లవ్స్, మాస్క్ వేసుకుని, ఒక వంతు బ్లీచుకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి గూటి మీద చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి తీయండి, వైర్ల కనెక్టర్ల మీద మాత్రం పడనివ్వకండి. ఆ తర్వాత ఆ చోటంతా తడిగుడ్డతో తుడవాలి, పాత మూత్రం వాసన మిగిలితే అది ఇంకో ఎలుకని పిలుస్తుంది.

బోను ఎక్కడ పెట్టాలో తెలియకపోతే రాత్రి గోడ వెంట ముగ్గుపిండి పల్చగా చల్లండి, పొద్దునకి అడుగులు కనబడతాయి. ఆ దారిలోనే గోడకి ఆనించి బోను పెట్టి, మొదటి రెండు మూడు రాత్రులు తలుపు తెరిచే ఉంచి మసాలా వడో ఎండుచేపో లోపల వదలండి. భయం లేకుండా తిని వెళ్లడం మొదలయ్యాకే తలుపు బిగించండి.