డొక్కు కార్ల ఫోటోలు: అపోహలు - వాస్తవాలు

శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్‌లాండ్, అలమీడా వీధుల్లో పాత అమెరికన్ కార్లు వెతుక్కుంటూ తిరగడం, ఫోటోలు తీయడం నాకున్న పిచ్చి. బే ఏరియాలో మనవాళ్లకేం కొదవ లేదు కదా, ఫోటో పెట్టిన ప్రతిసారీ అవే మాటలు. అందుకే అన్నీ ఒకేచోట రాసేస్తున్నా.

అపోహ: రంగు వెలిసి తుప్పు పట్టిందంటే ఎవరో వదిలేసి పోయిన కారే.

వాస్తవం: చాలావరకు ఇంకా తిరుగుతున్న బండే. శాన్ ఫ్రాన్సిస్కోలో రోడ్డు మీద ఒకేచోట 72 గంటలు దాటి బండి ఉంచకూడదు, పైగా వీధి ఊడ్చే వేళకి తీయకపోతే టికెట్ రాసిపోతారు. వెనక నంబర్ ప్లేటు కుడి పై మూలన సంవత్సరం స్టిక్కర్ చూడండి, గడువు దాటకపోతే రిజిస్ట్రేషన్ నడుస్తున్నట్టే. వైపర్ల కింద ఎండుటాకులు, టైర్ల దగ్గర సాలెగూళ్లు ఉంటే మాత్రం ఆలోచించాలి. ఇంకోటి, 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు కార్లకి కాలిఫోర్నియాలో స్మాగ్ చెక్ (పొగ కాలుష్య పరీక్ష) లేదు. స్లాంట్ సిక్స్ అనే ఆరు సిలిండర్ల ఇంజన్ ఉన్న డాడ్జ్ డార్ట్‌లు, ప్లిమత్ వాలియంట్‌లు ఇంకా కనబడుతున్నాయంటే అదో కారణం, ఆ ఇంజన్ మొండితనం ఇంకో కారణం.

అపోహ: వయసు మీద పడితే ఏ కారైనా ఒకేలా పాడవుతుంది.

వాస్తవం: మిషిగన్, ఒహాయోల్లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కారుని కింద నుంచి తినేస్తుంది. ఇక్కడ ఆ ఉప్పు లేదు, ఎండ పైనుంచి పని పడుతుంది (శాన్ ఫ్రాన్సిస్కోలో సముద్రం పక్కనున్న సన్‌సెట్ అనే పేట వైపు ఉప్పుగాలి క్రోమ్‌ని వదలదనుకోండి, అది వేరే కథ). ఆ రోజుల్లో పెయింట్ మీద ఇప్పట్లా క్లియర్ కోట్ (రంగుని కాపాడే పారదర్శక పూత) ఉండేది కాదు, అందుకే బానెట్, టాప్, డిక్కీ మూత ముందు వెలిసి సుద్దలా అయిపోతాయి, వేలితో రాస్తే రంగు అంటుకుంటుంది. రాయకండి, ఎవరిదో కారు! ఈ వరస తెలిస్తే దొంగ పాతదనం కూడా దొరికిపోతుంది, ఎందుకంటే డబ్బులిచ్చి మరీ వెలిసినట్టు పెయింట్ వేయించుకునేవాళ్లున్నారు. తలుపు అడుగు భాగం కూడా టాప్ అంత వెలిసి ఉంటే నేను నమ్మను.

అపోహ: కాలిఫోర్నియా నల్ల నంబర్ ప్లేటు ఉంటే అరవైల నాటి కారే.

వాస్తవం: అసలువి 1963 నుంచి 1969 దాకా ఇచ్చారు. 2015 నుంచి డీఎంవీ (ఇక్కడి రవాణా శాఖ) అదే రంగుల్లో మళ్లీ ఇస్తోంది, టెస్లాకీ పెట్టుకోవచ్చు. ప్లేటు వదిలేసి ఫెండర్ (చక్రం మీది రేకు) పక్కన చూడండి: 1968 మోడల్ నుంచి అక్కడ చిన్న లైటో రిఫ్లెక్టరో తప్పనిసరి. అది లేకపోతే అంతకన్నా పాతది. బంపర్ లావుగా ముందుకి పొడుచుకొచ్చిందా, 1973 మోడలో ఆ తర్వాతదో అయి ఉంటుంది.

అపోహ: మంచి ఎండ, పోలరైజర్ ఉంటే చాలు.

వాస్తవం: పోలరైజర్ (లెన్స్‌కి తగిలించే ఫిల్టర్) కారు అద్దాల మీద మెరుపు తగ్గిస్తుంది, క్రోమ్ మీద దాని ఆటలు సాగవు. ఎండలో తీస్తే ఫోటోలో బంపర్ తెల్లటి మచ్చైపోతుంది, హబ్‌క్యాప్‌లో మీరే కనబడతారు. పొగమంచు పట్టిన ఉదయం వెళ్లి, రోడ్డుకి అవతల నిలబడి, హెడ్‌లైట్ ఎత్తుకి వంగి తీయండి. వైడ్ లెన్స్‌తో మీదకెళ్తే ఫోటోలో కారు ముక్కు సాగిపోతుంది.

అపోహ: ఓనర్ ఒప్పుకోకపోతే తీయకూడదు.

వాస్తవం: పబ్లిక్ రోడ్డు మీద నుంచి కనబడేది తీయడం ఇక్కడ చట్టబద్ధమే. నేను మాత్రం ప్లేటు చెరిపేస్తా, వీధి పేరు రాయను, దొంగలూ ఫోటోలు చూస్తారు కాబట్టి. ఓనర్ బయటికొస్తే కెమెరా దించి ఏ సంవత్సరం మోడలో అడగండి. కాస్త తీరిక చేసుకుని అడగండి, కార్బ్యురేటర్ దగ్గర మొదలైతే ఓ పట్టాన వదలరు.