డ్రైవరు గెలిచాడా, కారు గెలిపించిందా?

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే దారిలో, నగరం ఇంకా మొదలు కాకముందే షోలవరం వస్తుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాలపాటు రేసులు నడిపిన చోటు అది. 1980ల మొదట్లో విజయ్ మాల్యా అక్కడికి ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు తెచ్చి నడిపాడు. అదే పాడక్‌లో (రేసు కార్లు నిలిపే ఆవరణలో) షెడ్లలో కోసి, అతికి, తేలిక చేసుకున్న ఫియట్లూ ఉండేవి. క్లాసులు వేరు కావచ్చు. కానీ జేబు బరువే ల్యాప్ టైం అన్న సంగతి గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు కూడా తెలిసిపోయేది.

ఈ డబ్బు తేడాకు మన దగ్గర దొరికిన జవాబు మారుతి 800 ఇంజన్. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ 796 సీసీ మూడు సిలిండర్ల ఆ ఇంజన్‌ను చవకైన ఒంటి సీటు కారులో పెట్టి ఫార్ములా మారుతికి దారి వేశాడు. నారాయణ్ కార్తికేయన్ రేసింగ్ మొదలుపెట్టింది ఆ తరగతిలోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేకి ఆయన పేరే పెట్టారు. తర్వాత వచ్చిన ఎల్‌జీబీ ఫార్ములా 4 కూడా ఇదే సూత్రం: అందరికీ స్విఫ్ట్ 1300 సీసీ ఇంజన్, అందరికీ ఒకే ఛాసిస్ (కారు చట్రం).

ఈ ఆలోచన మనకంటే ముందే పుట్టింది. అమెరికాలో ఫోక్స్‌వాగన్ బీటిల్ 1200 సీసీ ఇంజన్, గేర్‌బాక్స్, ముందు యాక్సిల్‌తో కట్టిన ఫార్ములా వీని 1963లో స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా (ఎస్‌సీసీఏ) గుర్తించింది. మామూలు ఇంజన్ ఇచ్చేది 40 హార్స్‌పవర్. ఇంగ్లండ్‌లో 1967 జులై 2న బ్రాండ్స్ హ్యాచ్‌లో తొలి ఫార్ములా ఫోర్డ్ రేసు జరిగింది. రెక్కలు లేవు, రోడ్డు టైర్లు, ఫోర్డ్ కార్టినా కారు ఇంజన్, వెయ్యి పౌండ్ల ధర లక్ష్యం. చేతకానివాడిని ఈ కార్లు దాచవు. శక్తి తక్కువ కనుక మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని యాక్సిలరేటరు తొక్కి తిరిగి తెచ్చుకోలేరు. లెక్క చూడండి. మలుపు దాటేటప్పుడు గంటకు 2 కిలోమీటర్లు తక్కువగా వచ్చారు. ఆ తర్వాతి 600 మీటర్ల స్ట్రెయిట్‌లో (తిన్నటి దారిలో) ఆ లోటు సగటున 1.2 కిలోమీటర్లు అనుకుందాం. సగటు వేగం 130 అయితే ఆ ఒక్క స్ట్రెయిట్‌లోనే 0.15 సెకను పోతుంది. 20 ల్యాపులకు 3 సెకన్లు.

అయితే ఇంజన్ ఒకటే అని రాసిపెట్టినంత మాత్రాన ఒకటే అయిపోదు. ఫ్యాక్టరీ ప్రతి భాగానికీ ఇంత నుంచి ఇంత వరకు అని ఒక హద్దు ఇస్తుంది. పిస్టన్లు కుప్పగా తెచ్చుకుని తూచి, అనుమతించినంతలో తేలికైనవి ఏరుకోవడం, కంప్రెషన్‌ను గరిష్ఠ హద్దుకు ఆనించడం, క్యామ్ టైమింగ్ సరిచూడటం: దీన్నే బ్లూప్రింటింగ్ అంటారు. అంతా నిబంధనల లోపలే, అయినా మామూలు ఇంజన్ వెనకబడుతుంది. ఫార్ములా వీలో ఊపిరి బిగబట్టేది ఇంజన్‌లోకి గాలి, పెట్రోలు తీసుకెళ్లే సన్నటి గొట్టం, ఇన్‌టేక్ మానిఫోల్డ్. దాన్ని లోపలి నుంచి వెడల్పు చేసే పనితనం పెరగడంతో బయటి వ్యాసం ఎక్కడ ఎంత ఉండాలో కూడా రూల్ బుక్‌లోకి ఎక్కింది.

తర్వాతి మెట్టు సీలు. 1984లో ఎస్‌సీసీఏ స్పోర్ట్స్ రెనో కారును తెచ్చి, ఇంజన్‌కు సీలు వేసి, విప్పే హక్కు రేసర్ల చేతిలోంచి తీసేసింది. ఇదే తర్వాత ఫోర్డ్ ఇంజన్‌తో స్పెక్ రేసర్ ఫోర్డ్ అయింది. స్పెక్ అంటే అందరికీ ఒకే రకం కారు, ఒకే రకం భాగాలు. చిన్న కార్టు బళ్ల రేసుల్లో, అంటే కార్టింగ్‌లో, రోటాక్స్ మ్యాక్స్ తరగతి కూడా సీలు వేసిన ఇంజన్‌తోనే విస్తరించింది. కార్టులో ఇంకో చిక్కు డ్రైవరు బరువు. అందుకే డ్రైవరుతో కలిపి కనీస బరువు పెట్టి, తేలికపాటివాళ్ల సీటుకు సీసపు దిమ్మెలు బిగిస్తారు. అద్దె కార్టుల్లో ఆ మాత్రం కూడా ఉండదు. బక్కపలచటివాళ్లదే రాజ్యం.

ఈ చరిత్రంతా ఒక్కచోట కనిపించేది స్పెక్ మియాటాలో. 1990ల చివర అమెరికాలో పాత మాజ్డా మియాటాలతో మొదలై, 2006లో ఎస్‌సీసీఏ జాతీయ తరగతి అయింది. అందరికీ ఒకే స్ప్రింగులు: ముందు అంగుళానికి 700 పౌండ్లు, వెనక 325. ఒకే రకం టైర్లు. 1600, 1800 సీసీ ఇంజన్ల మధ్య తేడాను బరువుతో, గాలి దారిని కుదించే రిస్ట్రిక్టర్ ప్లేట్‌తో సరిచేస్తారు. ఇన్ని కట్టాక డబ్బు ఎటు పోయింది? ఇంజన్ బిల్డర్ల దగ్గరికి, టెస్టింగ్ రోజులకు, కొత్త టైర్ల సెట్లకు. పని చేయించుకున్నా కనబడని చోట్లకు కూడా. 2014లో లగూనా సెకాలో జరిగిన రనాఫ్స్ (ఎస్‌సీసీఏ జాతీయ ఛాంపియన్‌షిప్ రేసులు) తర్వాత ఇంజన్లు విప్పితే, ముందు వరసలో వచ్చిన పలు కార్ల సిలిండర్ హెడ్లు నిబంధనలకు నిలవలేదు. వాల్వ్ సీటు కింద, గాలి వంపు తిరిగే చోట లోహం తీసిన తీరు మీద పడిన గొడవ అది. హెడ్ల నిబంధనలనే మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ కొత్తవాళ్లు తప్పుగా అర్థం చేసుకునేది ఒకటుంది. మంచి ఇంజన్‌కూ మామూలు ఇంజన్‌కూ తేడా ల్యాప్‌కు పదో వంతు సెకన్లలో ఉంటుంది. కొత్త డ్రైవరుకూ ముందు వరస డ్రైవరుకూ తేడా సెకన్లలో ఉంటుంది. వెనక వరసలో ఉన్నవాడు ఇంజన్ మీద పెట్టే డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. ముందు వరసలో మాత్రం డ్రైవర్ల తేడా దాదాపు చెరిగిపోతుంది, మిగిలిన ఆ పదో వంతే పోడియం. అన్నిటికంటే ముందు చేయాల్సింది చవకైన పని. మీరు సీట్లో కూర్చుని, నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి తూయించండి. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే మొత్తంలో సగం దగ్గర రావాలి. రాకపోతే కారు ఒకవైపు మలుపులో ముక్కు తిరగక, ఇంకోవైపు తోక తిప్పుతుంది. డ్రైవరేమో తప్పు తనదే అనుకుని నెలల తరబడి స్టీరింగ్ తిప్పే తీరు మార్చుకుంటూ పోతాడు.

పాత కార్లతో గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసు, 2006లో మొదలైన 24 అవర్స్ ఆఫ్ లెమన్స్, ఈ డబ్బు చిక్కును వేళాకోళంతో పరిష్కరించింది: కారు ఖరీదు 500 డాలర్లు దాటకూడదు, డ్రైవరును కాపాడే కేజ్, సీటు, బెల్టులు, బ్రేకుల వంటివి లెక్కలోకి రావు, మోసం చేశారనిపిస్తే పెనాల్టీ ల్యాపులు. అక్కడ గెలిపించేది వేగం కాదు. రేడియేటర్ గొట్టం ఊడకపోవడం, తప్పు చేసినవాడిని ట్రాక్ మీంచి వెనక్కి పిలిచే నల్ల జెండా పడకపోవడం.

ఇద్దరేసి తిన్నగా పరుగుతీసే డ్రాగ్ స్ట్రిప్ మీద బ్రాకెట్ రేసింగ్ వేరే దారి పట్టింది. కార్లను సమానం చేసే గోలే పెట్టుకోలేదు. ఎవరి కారు ఎన్ని సెకన్లలో పరిగెడుతుందో వాళ్లే ముందుగా చెబుతారు. దాన్ని డయల్ అంటారు. ఒకరిది 14.20, మరొకరిది 10.70 అనుకుందాం. నెమ్మది కారుకు పచ్చ లైటు 3.50 సెకన్లు ముందు వెలుగుతుంది. మొదటివాడు పచ్చ పడ్డాక 0.040కి కదిలి 14.23లో పరిగెత్తాడు: తప్పిన మొత్తం 0.070. రెండోవాడు 0.015కి కదిలి 10.74లో వచ్చాడు: 0.055. రెండోవాడిదే గెలుపు, తేడా 0.015 సెకను. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో అది మీటరు కూడా కాదు. అదే అతను 10.69లో వచ్చి ఉంటే, తను చెప్పినదానికంటే వేగంగా పరిగెత్తినందుకు ఓడిపోయేవాడు. కనుక ఫినిషుకు ముందు పక్క లైను చూసి, కాలు ఎంత ఎత్తాలో తేల్చుకోవడమే ఇక్కడి విద్య. కారు నుంచి కావాల్సింది బలం కాదు, నిలకడ. ఉదయం చెప్పిన డయల్ మధ్యాహ్నం ఎండకు, తేమకు చెల్లదు. గాలి పలచబడితే కారు మందగిస్తుంది. అందుకే ట్రైలర్ల మీద చిన్న వాతావరణ కేంద్రాలు వెలిశాయి, డ్రైవరు బటన్ వదిలాక ముందే పెట్టుకున్నంత సేపు ఆగి కారును కదిలించే డిలే బాక్సులు వచ్చాయి. డబ్బు ఇక్కడా వేరే వాకిలి వెతుక్కుంది. బాక్సులు లేని క్లాసులు వేరుగా పెట్టాల్సి వచ్చింది.

శంకువులు పేర్చిన మైదానంలో ఒక్కో కారు గడియారంతో పోటీపడే ఆటోక్రాస్‌లో ఎవరి మామూలు కారు వాళ్లు తెచ్చుకోవచ్చు. శంకువు తగిలితే 2 సెకన్ల శిక్ష. వేర్వేరు తరగతులను పోల్చడానికి ప్యాక్స్ అనే గుణకంతో టైం హెచ్చవేస్తారు. అయితే ఆ గుణకం పెద్ద పోటీల ఫలితాల నుంచి తీసింది. బిగుతు మలుపుల కోర్సులో చిన్న కారుకు, బారు కోర్సులో పెద్ద ఇంజన్‌కు అనుకూలించడం దానికి తెలియదు.

డ్రైవరును విడిగా కొలవాలంటే ఆటోక్రాస్‌లోనే దారి ఉంది: ఒకే కారులో ఇద్దరు పోటీపడటం. ఇంజన్ అదే, అలైన్‌మెంట్ అదే, కోర్సు అదే. తేడా కుర్చీలో ఉన్న మనిషిదే. పూర్తిగా కాదు లెండి. మొదట దిగినవాడికి చల్లటి టైర్లు, మొదటి పరుగులో పట్టు దొరకదు. పరుగు వెంట పరుగుగా ఇద్దరూ తిప్పేసరికి ఎండాకాలంలో ట్రెడ్ మరీ వేడెక్కి కారు జారడం మొదలుపెడుతుంది. అప్పుడు దెబ్బ తగిలేది రెండోవాడికి. అందుకే సీటు మారేటప్పుడు దిగినవాడు చేతిలో నీళ్ల పంపు పట్టుకుని నాలుగు టైర్లూ తడుపుతూ కనిపిస్తాడు.