పది లక్షలో చీటీ ఏది?

చిరంజీవులకు ఆశీస్సులు.

0 నుంచి 9 దాకా పది అంకెలనూ ఒక్కోసారే వాడి రాయగల వరుసలన్నీ రాసి, చిన్నదాని నుంచి పెద్దదాకా పేరిస్తే పది లక్షలో స్థానంలో ఏది వస్తుందని అడిగారు. కంప్యూటర్ అన్నీ రాసుకుంటూ పోవాలా అన్నది మీ అసలు సందేహం. అక్కర్లేదు.

మొత్తం 36,28,800 వరుసలు. ఒక్కోటీ ఒక చీటీ అనుకోండి. 0తో మొదలయ్యేవన్నీ ఒక పెట్టెలో, 1తో మొదలయ్యేవి ఇంకో పెట్టెలో, అలా పది పెట్టెలు. మొదటి అంకె పోగా మిగతా తొమ్మిదీ ఎన్ని రకాలుగా సర్దుకుంటాయో ఒక్కో పెట్టెలో అన్ని చీటీలు. 9ని 8తో, దాన్ని 7తో, అలా 1 దాకా గుణించండి: 3,62,880. మన చీటీకి ముందు 9,99,999 ఉండాలి. 0 పెట్టె, 1 పెట్టె మూత తీయకుండానే పక్కన పెడితే 7,25,760 పోయాయి. మూడోదీ పక్కన పెడితే లెక్క దాటిపోతుంది. అంటే చీటీ 2 పెట్టెలోనే ఉంది. దాని లోపల మళ్లీ తొమ్మిది చిన్న పెట్టెలు, ఒక్కోదాంట్లో 40,320. ఇంకా దాటాల్సినవి 2,74,239 కాబట్టి ఆరు పెట్టెలు తీసేయొచ్చు. 0, 1, 3, 4, 5, 6 పోయాయి (2 ముందే వాడేశాం కదా), ఏడోది 7. మన చీటీ 27తో మొదలవుతుందన్నమాట.

నా చిన్నప్పుడు ఇవన్నీ పలక మీదే. నాలుగంకెలకు 24 వరుసలే అయినా, అడుగున రాసేసరికి పైవి మోచేతికి చెరిగిపోయేవి. చెరిగితే చెరగనీ, చివరి వరుస ఒక్కటి మిగిలితే చాలు, తర్వాతది దాంట్లోంచే పుడుతుంది. 1243 తీసుకోండి. కుడి నుంచి వస్తూ, తన కుడి పక్కదాని కంటే చిన్న అంకె దగ్గర ఆగండి. అది 2. దాని కుడివైపు ఉన్నవాటిలో 2 కంటే కాస్తే పెద్దదైన 3తో చోటు మార్చండి: 1342. ఆపైన తోకను తిరగేయండి: 1324. ఈ కిటుకు 14వ శతాబ్దంలో నారాయణ పండితుడు చెప్పిందే. ఇప్పటికీ ప్రోగ్రాముల్లో ఇదే నడుస్తోంది.

దీన్ని వరసగా పది లక్షల సార్లు చేయించినా కంప్యూటర్‌కు చిటికెలో పని. కానీ పది అంకెల బదులు ఇరవై అక్షరాలిచ్చి అన్ని వరుసలూ రాయమనండి, సెకనుకు కోటి రాసినా ఏడు వేల ఏళ్లు దాటుతుంది! పెట్టెల దారిలో అయితే ఎన్నో స్థానం అడిగినా ఇరవై లోపు భాగహారాలు. యంత్రం వేగం చూసుకుని మనం ఆలోచన మానేయకూడదు, అంతే.

మూడో అంకె మీరే తీయండి. దాటాల్సినవి ఇంకా 32,319. ఒక్కో పెట్టెలో 5,040.

మీ తాతయ్య